మెదక్ చర్చి: కరువు కాలంలో లేచిన రాతి కట్టడం



ఇబ్రహీంపట్నంలో పొద్దున్నే బయలుదేరిన బండి బొంగుళూరు దగ్గర ఔటర్ రింగు రోడ్డెక్కితే ఘట్‌కేసర్, కీసర, శామీర్‌పేట మీదుగా హైదరాబాదు నగరాన్ని చుట్టి మేడ్చల్ దగ్గర దిగుతుంది. అక్కణ్నుంచి నాగపూర్ హైవే పట్టుకుని తూప్రాన్, చేగుంట దాటి, రామాయంపేట దగ్గర ఎడమకు తిరగాలి. మెదక్ ఊరు ఇంకా రాకముందే చెట్ల కొసల మీద ఒక రాతి గోపురం కనిపిస్తుంది. దగ్గరికి పోయేకొద్దీ అది పెరుగుతూనే ఉంటుంది. నేల నుంచి కొస దాకా దాని ఎత్తు 175 అడుగులు. మన చార్మినార్ ఎత్తు సుమారు 160 అడుగులు.

అదే మెదక్ చర్చి. వెడల్పు 100 అడుగులు, పొడవు 200 అడుగులు. ఒక్కసారి 5,000 మంది దాకా కూర్చుని ప్రార్థన చేసుకోవచ్చు. 1914లో పని మొదలైంది. పదేళ్లు సాగింది. 1924 డిసెంబరు 25న, క్రిస్మస్ నాడు తలుపులు తెరుచుకున్నాయి.

చాలామంది అక్కడికి వెళ్లి, లోపల ఒక చుట్టు తిరిగి, బయట నాలుగు ఫొటోలు దిగి, అరగంటలో మళ్లీ బండెక్కుతారు. కట్టించిన దొర పేరు ఎవరిని అడిగినా చెబుతారు. కట్టినవాళ్లెవరు, ఏ పరిస్థితిలో కట్టారు అన్న సంగతి తెలుసుకుని వెళ్తే మాత్రం అవే గోడలు వేరుగా కనిపిస్తాయి.

ముందు హైదరాబాదు సంగతి చూడాలి. జంటనగరాల్లో మెదక్ చర్చికన్నా పాతవి చాలానే ఉన్నాయి. సికింద్రాబాదులో సెయింట్ జాన్స్ చర్చి 1813 నాటిది. బొల్లారంలో హోలీ ట్రినిటీ చర్చి 1847 నాటిది. 1983 నవంబరు 20న, తన పెళ్లిరోజున, ఎలిజబెత్ రాణి వచ్చి ప్రార్థన చేసింది ఆ బొల్లారం చర్చిలోనే. ఇవన్నీ కంటోన్మెంటు నీడలో పుట్టినవి. నిజాం రాజ్యంలో దిగిన ఇంగ్లీషు దండు కోసం, ఆ దండులోని అధికారుల కుటుంబాల కోసం కట్టుకున్నవి. అక్కడ ప్రార్థన ఇంగ్లీషులో సాగేది. ఊళ్లలో ఉన్న తెలుగువాళ్లకూ వాటికీ సంబంధం తక్కువ.

చార్లెస్ వాకర్ పాస్నెట్ అనే యువకుడు కూడా మొదట అలాంటి పనికే వచ్చాడు. ఆయన వెస్లియన్ మెథడిస్టు మిషనరీ. 1895లో సికింద్రాబాదు చేరి, తిరుమలగిరిలో ఇంగ్లీషు సైనికుల మధ్య పాదిరిగా కుదురుకున్నాడు. ఆ కొలువు ఆయనకు రుచించలేదు. దండు గేటు దాటి పల్లెల వైపు తిరగడం మొదలుపెట్టి, కొంతకాలానికి మెదక్ చేరాడు. అప్పట్లో హైదరాబాదు నుంచి మెదక్‌కు గుర్రం మీద రెండు రోజుల ప్రయాణం. దారిలో అడవులు, వాగులు, చివరికి కాకతీయుల నాటి కోట కింద ఒక చిన్న ఊరు. ఆయన సోదరి ఎమిలీ పాస్నెట్, ఆమె స్నేహితురాలు సారా హారిస్ కూడా వచ్చి మెదక్ ఆడవాళ్ల మధ్య పనిచేశారు.

ఆ పల్లెల్లో పాస్నెట్ మాట విని వచ్చినవాళ్లలో ఎక్కువమంది మాల, మాదిగ వాడల వాళ్లు. ఊరి బావి దగ్గరికి రానివ్వని రోజులవి. గుడి మెట్లు ఎక్కనివ్వని రోజులవి. ఊరి మధ్యలో నిలబడే హక్కు లేనివాళ్ల కోసం, పది ఊళ్లకు కనిపించేంత ఎత్తున ఒక ప్రార్థనాలయం లేచింది. మెదక్ చర్చి అంత పెద్దదిగా ఎందుకుందన్న ప్రశ్నకు ఈ ఒక్క సంగతిలోనే సగం జవాబుంది.

మిగిలిన సగం జవాబు కరువులో ఉంది.

పని మొదలైన 1914లోనే యూరప్‌లో మొదటి ప్రపంచ యుద్ధం అంటుకుంది. ధరలు మండిపోయాయి. 1918లో దేశంలో చాలాచోట్ల వానలు ముఖం చాటేశాయి. అదే ఏడు ఇన్‌ఫ్లుయెంజా జ్వరం ఇళ్లకిళ్లను ఊడ్చేసింది. చెరువు కింద రెండు పంటలు తీసే రైతుకే గింజ కరువైతే, రోజు కూలి మీద బతికేవాళ్ల గతి చెప్పనక్కర్లేదు. మెతుకుసీమ అని పేరున్న నేల మీదే మెతుకు దొరకలేదు. అప్పుడు ఆ చర్చి పని వాళ్లకు ఆసరా అయింది. ఊరికే పంచితే తీసుకునేవాడికీ చిన్నతనం, పంచేవాడికీ ఎన్నాళ్లో సాగదు. అందుకని పని చూపించి కూడు పెట్టే పద్ధతి పెట్టారు. రాయి మోసినవాళ్లకు, సున్నం కలిపినవాళ్లకు, మట్టి తవ్వినవాళ్లకు ఆ పూట తిండి దొరికింది. తర్వాతి కాలంలో ప్రభుత్వాలు పనికి ఆహారం అని పిలిచిన ఏర్పాటు అది.

కరువులో పెద్ద కట్టడాలు లేవడం మన దేశంలో ముందూ ఉంది, తర్వాతా ఉంది. లక్నోలో నవాబు అసఫుద్దౌలా బడా ఇమాంబరాను 1784లో కరువు రోజుల్లోనే మొదలుపెట్టించాడు. జోధ్‌పూర్‌లో ఉమైద్ భవన్ ప్యాలెస్ పని 1929లో మొదలైంది, అదీ కరువు పనిగానే. లక్నో కట్టడాన్ని నవాబు కట్టించాడు, జోధ్‌పూర్ కట్టడాన్ని మహారాజు కట్టించాడు. జోధ్‌పూర్‌లో కట్టినవాళ్లకు ఆ భవనంలోకి అడుగుపెట్టే వీలు లేదు, అది రాజుగారి ఇల్లు. మెదక్‌లో అలా కాదు. పునాది మట్టి తవ్వినవాళ్లలో ఎంతోమంది ఆ తర్వాత అదే గచ్చు మీద కూర్చుని ప్రార్థన చేసుకున్నారు.

నమూనా మాత్రం ఇంగ్లండు నుంచి వచ్చింది. పాస్నెట్ 200 నమూనాలు తిరగేసి ఒకటి ఎంచుకున్నాడని చెబుతారు. ఆ నమూనా గీసింది బోల్టన్ పట్టణానికి చెందిన బ్రాడ్‌షా గ్యాస్ అండ్ హోప్ సంస్థ. బోల్టన్ అప్పట్లో లాంకషైర్‌లో నూలు మిల్లుల ఊరు. మిల్లులు, పురపాలక భవనాలు, మెథడిస్టుల ప్రార్థన హాళ్లు కట్టడంలో ఆ సంస్థ చెయ్యి తిరిగింది. పని దగ్గరుండి చూసుకున్నది థామస్ ఎడ్వర్డ్ హార్డింగ్ అనే ఆర్కిటెక్టు.

శైలి గోథిక్. యూరప్‌లో 12వ శతాబ్దంలో పుట్టి, నాలుగు వందల ఏళ్లు రాజ్యమేలి, మరుగునపడి, 19వ శతాబ్దంలో ఇంగ్లండులో మళ్లీ ఊపిరి పోసుకున్న పద్ధతి అది. గుర్తుపట్టడం కష్టం కాదు. కమాను చూస్తే చాలు. గుండ్రటి కమాను బరువునంతా పక్కలకు నెడుతుంది, అందుకని దానికి మందపాటి గోడలు కావాలి. గోథిక్ కమాను రెండు అరచేతులు జోడించి నమస్కారం పెట్టినట్టు పైన కొస తేలుతుంది. బరువు పక్కలకు తక్కువగా, కిందికి ఎక్కువగా దిగుతుంది. దాంతో గోడను ఎత్తుకు లేపొచ్చు, గోడలో పెద్ద కిటికీలు తెరవొచ్చు, లోపలికి వెలుతురు రప్పించొచ్చు. మెదక్ చర్చిలో ద్వారాలకూ కిటికీలకూ ఈ కమానులే. బయట గోపురం మీద అంతస్తు అంతస్తుకూ సన్నగా పైకి లేచిన శిఖరాలు కూడా ఆ శైలి గుర్తులే.

నమూనా పరాయిదే, రాయి మాత్రం ఇక్కడిదే. చర్చి గోడలు, స్తంభాలు తెలుపూ బూడిదరంగూ కలిసిన గ్రానైటు. ఇబ్రహీంపట్నం చుట్టూ గుట్టలుగా నిలిచిన బండరాయి కూడా ఆ జాతిదే. తెలంగాణ నేల కింద పరుచుకున్న ఈ రాయి వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. మన దగ్గర రాయి కొట్టే పని చూసినవాళ్లకు దాని మొండితనం తెలుసు. సున్నపురాయిలా చెప్పిన మాట వినదు. ఇంగ్లండులో, ఫ్రాన్సులో గోథిక్ చర్చీలు ఎక్కువగా మెత్తటి సున్నపురాయితో, ఇసుకరాయితో కట్టినవి. ఉలి పెడితే ఆకులు, తీగలు, మనుషుల ముఖాలు తేలికగా విచ్చుకునే రాళ్లవి. గ్రానైటులో అంత సన్నపని చేయాలంటే ఉలి మొన అరిగిపోతుంది, చెయ్యి బొబ్బలెక్కుతుంది.

అందుకే మెదక్ చర్చి గోడ దగ్గరికి వెళ్లినవాళ్లు ఒక్క రాయినైనా నిలబడి చూడాలి. బండ మీద గీత గీసి, ఆ గీత వెంట వరుసగా గుంతలు తొలిచి, గుంతల్లో ఇనప మేకులు పెట్టి సమ్మెటతో ఒకదాని తర్వాత ఒకటి కొడుతూ పోతే, బండ ఆ గీత వెంటే పగులుతుంది. కొట్టేవాడి చెవి ఆ చప్పుడు మీదే ఉంటుంది. ఖంగుమనే మోత బొంగురు పోయిందంటే రాయి విచ్చుకునే వేళ దగ్గరపడ్డట్టు. ఆ పగిలిన ముక్కను ఉలితో చదును చేసి, మూలమట్టం పెట్టి అంచులు సరిచూసి, పక్క రాయికి ఆనించి కూర్చోబెడతారు. గ్రానైటు పని మన పల్లెల్లో తరతరాలుగా ఇలాగే నడిచింది. వందేళ్లు దాటినా నిలిచిన ఆ గోడల్లో, ఆ స్తంభాల్లో ఇలాంటి పనివాళ్ల చేతి గుర్తులున్నాయి. బోల్టన్‌లో కాగితం మీద గీసిన గీత మెదక్‌లో బండ మీద గీతగా మారడానికి ఆ చేతులే ఆధారం.

లోపలికి అడుగుపెట్టగానే కాలికి తగిలేది చల్లటి గచ్చు. ఆరు రంగుల టైల్సు ఇంగ్లండు నుంచి ఓడలో వచ్చాయి. వాటిని పరిచింది ఇటలీ నుంచి వచ్చిన పనివాళ్లు. వాళ్ల దగ్గర ఇక్కడి పనివాళ్లూ ఆ పని నేర్చుకుని ఉంటారు. నడుమ పొడవాటి మండపం, అటూ ఇటూ బలమైన రాతి స్తంభాల వరుస. బలిపీఠం దగ్గరికి చేరేసరికి రెండు పక్కలా రెక్కలు విచ్చుకుంటాయి. పై నుంచి చూడగలిగితే మొత్తం కట్టడం సిలువ ఆకారంలో ఉంటుంది.

తల ఎత్తితే కప్పు చాలా పైన ఉంటుంది. అంత ఖాళీ ఉన్న రాతి గదిలో మాట్లాడితే మాట గోడలకు కొట్టుకుని ప్రతిధ్వని రావాలి. ఒక మాట మీద ఇంకో మాట పడి వినేవాళ్లకు అర్థం కాకుండా పోవాలి. మైకులు లేని రోజులు, వేలమంది కూర్చునే హాలు, పాదిరి గొంతు చివరి వరుసకు చేరాలి. అందుకని కప్పు లోపల స్పాంజిలాంటి మెత్తటి సరుకు, బోలుగా ఉండే సరుకు వాడి ప్రతిధ్వనిని మింగేలా చేశారు. శబ్దంతో బతికే రేడియోవాళ్లకు ఈ ఏర్పాటు విలువ చప్పున తెలుస్తుంది. ఇప్పటి స్టూడియో గోడలకు మెత్తలు తాపడం చేసేది కూడా ఇందుకే.

ఇక కిటికీలు. మెదక్ వెళ్లినవాళ్లంతా చెప్పుకునేది వాటి గురించే, చెప్పుకోదగ్గవే. పెద్దవి మూడున్నాయి. బలిపీఠం వెనుక ఉన్నది క్రీస్తు ఆరోహణం, 1927లో పెట్టింది. రెండు రెక్కల్లో ఒకవైపు క్రీస్తు పుట్టుక, 1947లో వచ్చింది. మరోవైపు సిలువ ఘట్టం, 1958లో వచ్చింది. తేదీలు గమనిస్తే ఒక్క చర్చి గోడల్లోనే మూడు కాలాలు కనిపిస్తాయి. మొదటి కిటికీ నాటికి మెదక్ నిజాం రాజ్యం. రెండోది వచ్చిన ఏడు దేశానికి స్వాతంత్ర్యం వచ్చింది. మూడోది వచ్చేనాటికి అది ఆంధ్రప్రదేశ్‌లో ఒక జిల్లా.

వీటి రూపకర్త లండన్ చిత్రకారుడు ఫ్రాంక్ సాలిస్‌బరీ. రాజులను, అధ్యక్షులను ఎదురుగా కూర్చోబెట్టి బొమ్మలు గీసిన పేరుమోసిన చిత్రకారుడాయన. ఆయన చేతికి మొదట పని నేర్పింది మాత్రం అన్నగారి అద్దాల కార్ఖానా. పదిహేనేళ్ల ప్రాయంలో రంగుటద్దాల పనిలో చేరిన పిల్లవాడు, పెద్ద పేరు వచ్చాక కూడా ఆ విద్య వదల్లేదు. ఆయన కూడా మెథడిస్టే.

ఈ అద్దాలకు రంగు పైపూత కాదు. గాజు కరిగి ఉన్నప్పుడే అందులో లోహపు పొడులు కలుపుతారు. కోబాల్టు కలిస్తే నీలం. మాంగనీసు కలిస్తే ఊదా. బంగారం అతి కొద్దిగా కలిస్తే ఎరుపు. అలా తయారైన రంగు గాజును బొమ్మకు తగ్గట్టు ముక్కలుగా కోస్తారు. ముఖం మీద కనుబొమ్మలు, బట్ట మీద ముడతలు లాంటి సన్నగీతలను గాజుపొడీ లోహపుపొడీ కలిపిన నల్లటి రంగుతో గీసి, కొలిమిలో కాలుస్తారు. ఆ వేడికి గీత గాజులో ఇంకిపోతుంది. కడిగినా పోదు, ఎండకు వెలిసిపోదు. ఆఖరున ముక్కలన్నిటినీ సీసపు పట్టీలతో కలిపి ఒక్క పలకగా బిగిస్తారు. కిటికీలో బొమ్మల చుట్టూ కనిపించే నల్లటి అంచులు ఆ సీసమే.

ఈ బొమ్మలను వెలిగించేది సూర్యుడు. బయట ఎండ ఉంటేనే లోపల బొమ్మ. పొద్దు వాలాక లోపల ఎన్ని దీపాలు పెట్టినా లోపలున్నవాళ్లకు ఆ అద్దం నల్లగానే కనిపిస్తుంది. అందుకని చీకటి పడే వేళకు అక్కడికి చేరితే సగం చర్చిని చూడనట్టే. పొద్దుటిపూట ఒకసారి, మధ్యాహ్నం దాటాక మరోసారి చూడగలిగినవాళ్లకు ఒకే కిటికీలో రంగులు మారడం తెలుస్తుంది. పొద్దున ఒక వైపు కిటికీ మండుతుంటే ఎదుటిది చల్లగా ఉంటుంది. సాయంత్రానికి వరస తిరగబడుతుంది. చదువు రాని పల్లె జనానికి క్రీస్తు కథను పుస్తకం లేకుండా చెప్పిన పాఠాలివి. మొదటి కిటికీ పెట్టిన రోజుల్లో ఏ మెదక్ పల్లె నుంచో కాలినడకన వచ్చిన తల్లి, పశులతొట్టిలో పడుకున్న పసిగుడ్డును ఆ అద్దంలో చూడలేదు, అది 1947లో వచ్చింది. ఆమె చూసింది పైకి లేస్తున్న క్రీస్తును ఒక్కడినే. ఆమె మనవరాలు మూడింటినీ చూసింది.

1947 సెప్టెంబరు 27న మద్రాసులో చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా ఏర్పడింది. ఆంగ్లికన్లు, మెథడిస్టులు, మరికొన్ని సంఘాలు వేరువేరు కొమ్మలు వదిలి ఒక్కటయ్యాయి. అప్పుడే మెదక్ డయాసిస్, అంటే ఒక బిషప్ కింద ఉండే ప్రాంతం, ఏర్పడింది, ఈ చర్చి ఆ డయాసిస్ బిషప్ ఆసనం ఉండే కెథీడ్రల్ అయింది. ఇప్పుడు ఆదివారం ఆరాధన తెలుగులో సాగుతుంది. సుమారు 300 ఎకరాల మిషను ఆవరణలో క్రిస్మస్ నాడు ఇసుక వేస్తే రాలనంత జనం. తెల్లవారుజామునే మొదటి ఆరాధన మొదలవుతుంది. ముందు రాత్రే ట్రాక్టర్లలో, ఆటోల్లో వచ్చి ఆవరణలో చాపలేసుకుని పడుకునేవాళ్లుంటారు. క్రైస్తవులే రారు. మొక్కుకున్న హిందువులు వస్తారు, ముస్లింలు వస్తారు. 2024 డిసెంబరు 25న చర్చికి నూరేళ్లు నిండిన పండుగ జరిగింది.

వెళ్లదలచినవాళ్లకు రెండు మాటలు. సికింద్రాబాదు జూబ్లీ బస్టాండు నుంచి మెదక్‌కు ఆర్టీసీ బస్సులున్నాయి. నర్సాపూర్ అడవి మీదుగా పోయే దారి కూడా ఉంది, వానాకాలంలో ఆ దారి పచ్చగా ఉంటుంది. 2022 సెప్టెంబరులో అక్కన్నపేట నుంచి మెదక్‌కు రైలు మార్గం తెరిచాక రైల్లో కూడా వెళ్లొచ్చు. ఆదివారం పొద్దున ఆరాధన వేళ చూడటానికి వెళ్లడం కన్నా, మామూలు రోజు వెళ్లడం నయం. చర్చిని కావలసినంతసేపు చూడొచ్చు, ప్రార్థన చేసుకునేవాళ్లకూ ఇబ్బంది ఉండదు. లోపల ఫొటోలు తీయవచ్చా లేదా అని ముందే అక్కడివాళ్లను అడగాలి. తిరుగుదారిలో ఓపిక ఉంటే మెదక్ కోట కూడా ఎక్కొచ్చు.

పిల్లలను తీసుకెళ్లే ఉపాధ్యాయులకు ప్రత్యేకంగా ఒక విన్నపం. పాస్నెట్ పేరు పుస్తకాల్లో ఉంది. హార్డింగ్ పేరు ఉంది. సాలిస్‌బరీ పేరు ఉంది. పదేళ్లపాటు రాయి మోసిన ఆడవాళ్ల పేర్లు, బండ పగలగొట్టినవాళ్ల పేర్లు, సున్నం రుబ్బినవాళ్ల పేర్లు వాటి పక్కన కనిపించవు. వాళ్ల మనవళ్లు, మునిమనవళ్లు ఇంకా ఆ చుట్టుపక్కల ఊళ్లలోనే ఉంటారు. మా తాత అక్కడ పనిచేశాడట, మా అవ్వ గంప మోసిందట అని చెప్పగలిగిన ముసలివాళ్లు ఏటేటా తగ్గిపోతున్నారు. ఇబ్రహీంపట్నం బడి పిల్లలు మెదక్ విహారయాత్రకు వెళ్తే, చర్చి చూశాక ఆవరణ దగ్గర కూర్చున్న పెద్దవాళ్లను నాలుగు ప్రశ్నలు అడగాలి. మీ ఇంట్లో ఈ చర్చి పని చేసినవాళ్లున్నారా? ఏ ఊరి నుంచి వచ్చారు? ఏ పని చేశారు? ఆ కరువులో ఏం తిన్నారు? వచ్చిన జవాబులను ఫోనులో రికార్డు చేసి, పేరూ ఊరూ తేదీ వేసి బడిలో భద్రపరచాలి. ఒకటి రెండు బడులు ఈ పని మొదలుపెట్టినా, పాస్నెట్ పేరు పక్కన రాయడానికి కొన్ని తెలుగు పేర్లు దొరుకుతాయి.